నాగర్‌కర్నూల్ బస్సులో దుకాణపు గొంతు

ఫోనులో ఆట తెరవగానే ‘కొత్త మార్పులు దిగుతున్నాయి, కాసేపు ఆగండి’ అని కనబడుతుంది. కింద ఒక గీత మెల్లగా నిండుతుంటుంది. అది నిండేలోపు మీరు ఎవరినో ఒకరిని తిట్టుకుంటారు. ఆ తిట్లు చేరే చోటే నా ఆఖరి ఉద్యోగం. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట చెప్పాలి. ఆ గీతను చిన్నది చేయడమే మన పని అనుకోకండి. నేను అలాగే అనుకున్నాను, అదీ చాలా పట్టుదలగా.

నేను గద్వాలలో కిరాణా దుకాణం వెనక గదిలో పెరిగాను. ముందు గదిలో నాన్న, పక్క కొట్లో చిన్నాన్న, ఎదురుగా మేనమామ బట్టల దుకాణం. నాకు మాటలూ బేరమూ ఒకేసారి వచ్చాయి. నా పెళ్లిచూపుల్లో ముహూర్తం గురించి కూడా బేరమాడానని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధం. విడిది ఇంటి గురించి మాత్రమే ఆడాను. ఆ తర్వాత హైదరాబాదులో చాలా ఏళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేశాను. ఇక్కడ తయారైన సరుకు అక్కడ కొన్నవాళ్ల దగ్గర సరిగా నడుస్తోందో లేదో చూడటం నా పని. రిటైర్మెంటు కనుచూపు మేరలోకి వచ్చాక, వనపర్తిలో ఒకాయన ఫోన్ ఆటల కంపెనీ పెట్టాడని తెలిసింది. వెళ్లి జీతం దగ్గర గట్టిగా బేరమాడి, చక్కగా ఓడిపోయి చేరాను.

ఆఫీసు ఒక ఎరువుల దుకాణం మేడమీద. వానాకాలం మొదలైతే కింద రైతుల వరుస, పైకి మందుల వాసన. మా ఆట పేరు చెప్పను కానీ సంగతి చెబుతాను. అది బస్సు నడిపే ఆట. గద్వాల నుంచి వనపర్తి, అక్కడి నుంచి నాగర్‌కర్నూల్, మధ్యలో మల్దకల్‌కూ తిమ్మాజిపేటకూ చీలే దారులు. మలుపులు, గుంతలు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. బస్‌స్టాండులోకి పోతే మైకులో ప్రకటన వినిపిస్తుంది. పని కోసం పుణె, ముంబై పోయిన మన పాలమూరు వాళ్లు సాయంత్రాలు ఇదే ఆడేవాళ్లు. ఊరికి రాలేని రోజున ఊరి రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చేవాళ్లు.

కష్టమంతా అప్‌డేట్ల దగ్గరే. ఏ చిన్న మార్పు చేసినా ఆట మొత్తాన్ని మళ్లీ పంపేవాళ్లం. ఒక సినిమా అంత బరువు. ఒక్కరోజు డేటా మొత్తం దానికే ఊడ్చుకుపోతుంటే ఎవరు దించుకుంటారు? చాలామంది పాత ఆటతోనే ఉండిపోయారు. అప్పుడు హైదరాబాదులో ఆటను మార్కెట్లో పెట్టే సంస్థ వాళ్లు మా యజమానికి ఖరాఖండిగా చెప్పారు. నల్లమల ఘాటు రోడ్డు కలిపిన అప్‌డేట్ వస్తోంది కదా, అది పాత ఫోన్లలోకి ఎక్కి తీరాలి. ఎక్కకపోతే వనపర్తి ఆఫీసు మూసి పనంతా హైదరాబాదుకు తెచ్చేస్తాం.

అలా జరిగితే నేను ఇంటికి పోయి టీవీ చూసుకునేదాన్ని. యజమాని తట్టుకునేవాడు. అసలు దెబ్బ మా ప్రోగ్రామర్ అమ్మాయికి. ఆ దారులన్నీ ఫోనులోకి ఎక్కించింది ఆమే. హైదరాబాదులో ఉద్యోగం వదులుకుని, వడ్డేపల్లి దగ్గర పొలం చేసుకునే భర్తతో ఉండటానికి వచ్చింది. వారంలో కొన్నాళ్లు వనపర్తిలో, మిగతా రోజులు పొలం గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసేది. ఆఫీసు పోతే ఆమె చేతిలో ఉన్న పని పోయినట్టే. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

ఒకరోజు ఆమె నా టేబుల్ దగ్గరకు వచ్చి కూర్చుంది.

“అక్కా, రెండు తరీకలు ఉన్నయి. ఒకటి, పాత ఫైలు కొత్త ఫైలు పక్కపక్కన పెట్టి తేడా మాత్రమే పంపుడు. ఇంకోటి, కొత్త ఫైలును ముక్కలు చేసి ఒక్కో ముక్కకు వేలిముద్ర లెక్క గుర్తు పెడుతం. ఫోను తన దగ్గరున్న ముక్కలను ఆ గుర్తులతోని చూసుకుంటది. లేనియి మాత్రమే అడుగుతది.”

“ఏది చిన్నగ ఉంటది?”

“తేడాదే చిన్నది. గని నాకు ముక్కలదే మంచిగ అనిపిస్తుంది అక్కా.”

చిన్నది ఏదో తెలిశాక తక్కిన మాట నా చెవికి ఎక్కలేదు. “తేడానే పంపుదాం. ఇప్పుడు ఎంతుంది?” అన్నాను.

“పది పాటలు దించుకున్నంత.”

“గింతనా? ఇంక జర తగ్గుతది, చూడు.”

ఆమె పోయి బొమ్మలను సర్ది, శబ్దాలను కుదించి ఎనిమిది పాటలంత చేసుకొచ్చింది. నేను మొహం తిప్పుకున్నాను. మా చిన్నాన్న దగ్గర నేర్చుకున్న విద్య అది, సరుకు వైపు చూడకుండా బేరమాడటం. ఆరు చేసుకొచ్చింది. “ఇంక జర తగ్గుతది, చూడు” అన్నాను. నాలుగు పాటలంత అయ్యాక యజమాని వచ్చి చూసి, “అక్కా, మీరు కూరగాయల మార్కెట్ల ఉండవలసిన మనిషి” అన్నాడు. నేను దాన్ని పొగడ్తగా తీసుకున్నాను. ఆఫీసులో ఉన్న అన్ని ఫోన్లలోనూ ఆ ప్యాచ్, అంటే ఆ తేడా ముక్క, వెన్నపూసలా ఎక్కింది. ఆ సాయంత్రం అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించాను. వాటి దగ్గర కూడా బేరమాడి రెండు ఎక్కువ వేయించుకున్నాను.

అందరికీ వదలడానికి ముందు నాగర్‌కర్నూల్ వైపు కొందరికి పంపి చూద్దామనుకున్నాం. పంపాం. మర్నాడు పొద్దున నుంచి ఫోన్లు.

“మేడం, మీ ఆట ‘పాత ఫైలు సరిపోలలేదు’ అంటుంది. దేనితోని సరిపోవాలె?”

“మీరు ఆటలో ఏమైనా మార్చారా అండీ?”

“నేనేం మారుస్త మేడం? నేను ట్రాక్టరు డ్రైవర్ని.”

ఎవరిని అడిగినా ఇదే. ఎవరూ ఏమీ మార్చలేదు, ఎవరి ఫైలూ సరిపోలడం లేదు. తేడా పద్ధతిలో ఒక మెలిక ఉంది. పాత ఫైలు అచ్చంగా మనం అనుకున్నట్టే ఉండాలి. ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా ప్యాచ్ చేతులెత్తేస్తుంది. అమ్మాయి రెండు రోజులు తలపట్టుకుంది. చివరికి ఆ ట్రాక్టరు డ్రైవర్‌కే మళ్లీ ఫోన్ చేసి, ఆట ఎక్కడ దించుకున్నావని అడిగాను.

“దించుకునుడేంది మేడం? బస్టాండు ముందట మొబైల్ దుకాణం ఉంది. ఆడ ఎక్కించుకున్న.”

అమ్మాయీ నేనూ గోపాల్‌పేట మీదుగా బస్సెక్కి నాగర్‌కర్నూల్‌లో దిగాం. దుకాణం ఎదురుగానే కనబడింది. ఛార్జర్లు తోరణాల్లా వేలాడుతున్నాయి. కౌంటర్ వెనక ముప్పై దాటిన ఒక అబ్బాయి ఎవరి ఫోనుకో కేబుల్ పెట్టి ఏదో ఎక్కిస్తున్నాడు. మేం ఎవరమో చెప్పలేదు. ఏ దుకాణంలోనైనా ముందు కొనేవాళ్లలా నిలబడితేనే నిజం బయటపడుతుంది. నా ఫోనుకు ముందు అంటించే అద్దం అడిగాను. ధర చెప్పాడు. మా వంశాచారం ప్రకారం గుండెల మీద చెయ్యి వేసుకున్నాను.

“గట్ల చేస్తే ఎట్ల మేడం? మల్ల మీదే ఫస్టు బోణీ” అన్నాడతను.

“మిట్ట మధ్యాహ్నం బోణీ ఏంది తమ్మీ?”

అతను నవ్వేలోపు, కేబుల్ పెట్టిన ఫోనులో మా బస్సు కదిలింది. నాగర్‌కర్నూల్ బస్‌స్టాండులోకి తిరిగింది. మైకు మోగింది. “ప్రయాణికులకు విజ్ఞప్తి. మీ ఫోను పగిలిందా? బ్యాటరీ ఉబ్బిందా? పరేషాన్ గావద్దు. బస్సు దిగంగనే ఎడమ దిక్కు చూడుర్రి. మన దుకాణమే. ఉద్దెర లేదు.”

అమ్మాయి నా మోచెయ్యి గిల్లింది. “అక్కా, మన ఆట మూట ఇప్పిండు!”

“ఈ గొంతెవరిది తమ్మీ?” అని అడిగాను.

“నాదే మేడం. మంచిగుందా?” ఎంత గర్వమో ఆ మొహంలో.

అప్పుడు చెప్పాను, ఆట మాది అని. అతను కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు. “ఓయమ్మో. కేసు గిట్ల పెడుతరా ఏంది?”

“ముందు అద్దం ధర తగ్గించు. కేసు సంగతి తర్వాత.”

చాయ్ వచ్చింది. మెల్లగా అన్నీ బయటపడ్డాయి. “ఊకెనే ఎక్కిస్తే నాకేం లాభం మేడం? అందుకే నా మాట పెట్టుకున్న. చిన్న ఫోన్లల్ల జాగ ఉండదు, అందుకని ఇంగ్లీషు మాటలు తీసేస్త. పొద్దుగాల రోడ్డు మీద మంచు పడుతది సూడు, అది కూడ తీసేస్త. నాగర్‌కర్నూల్‌ల మంచేంది మేడం?”

“అది మంచు కాదన్నా, పొగమంచు!” అమ్మాయి గొంతు పెరిగింది. “నెల రోజులు కూసోని చేసిన నేను!”

“అయ్యో, మీరే చేసిండ్రా? మంచిగనే ఉండె చెల్లె. గని బరువుండె.”

“ఇదంతా నువ్వొక్కడివే చేస్తావా?” అన్నాను.

“నేనొక్కన్నా! వనపర్తిల పాత బస్టాండు కాడ ఒకాయన ఉన్నడు, ఏకంగ పాటనే పెట్టిండు. గద్వాలల ఒకాయన హారన్ తీసేసిండు. హారన్ కొడితే ఆయన బిడ్డ ఏడుస్తది.”

మేం మూడు జిల్లాలకూ ఒకే బస్సు పంపామనుకున్నాం. నిజానికి దుకాణానికో బస్సు తిరుగుతోంది. అక్కడ కూర్చుని చాయ్ తాగుతుంటే నాకు నా మీదే నవ్వొచ్చింది. ఏ సరుకైనా దుకాణం గడప దాటిందంటే కట్ట విప్పకుండా బయటికి పోదని నాకు తెలియదా? అందులోనే కదా పుట్టింది. నెల సరుకులకు వచ్చినవాళ్లు “పోయిన నెల లెక్కనే కట్టు సేటూ” అంటే నాన్న ఒప్పుకునేవాడు కాదు. “ఇంటికి పోయి డబ్బాల మూతలు తీసి చూసి రాపో. చుట్టాలొచ్చి పోయిండ్రో, ఎలుకలు తిన్నయో నాకేం తెల్సు?” అని వెనక్కి పంపేవాడు. మేమేమో ఎవరి డబ్బా మూతా తీయకుండా, ఇంత తగ్గి ఉంటుందని మేమే అనుకుని సరుకు కట్టి పంపాం. దాన్ని నేను నాలుగు పాటలకు కుదించి బజ్జీలు కూడా తినిపించాను.

తిరుగు బస్సులో అమ్మాయి కిటికీ వైపు కూర్చుంది. “మొదలే చెప్పినవ్ ముక్కల పద్ధతి అని. నేనే విననైతి. ఇప్పుడు మళ్ల మొదలుపెడితే గడువు లోపల అయితదా?” అన్నాను.

“సగం చేసే ఉంచిన అక్కా.”

“ఎప్పుడు?”

“మీరు బేరమాడుతున్నప్పుడు. మా అత్తగూడ గట్లనే ఆడుతది. ఊ అనుకుంట పోయి, పక్కకు నా పని నేను చేసుకునుడు అలవాటే.” ఆమె మొహం కిటికీ వైపే ఉంది కానీ బుగ్గ కనబడుతోంది, నవ్వుతోందని తెలిసింది.

ఆఫీసులో అసలు పంచాయతీ అప్పుడు మొదలైంది. హైదరాబాదు వాళ్లు ఫోనులో, స్పీకర్ పెట్టి యజమాని. ఆ కాపీలన్నీ పాడైనవి, వాటిని వదిలేయండి, కావాలంటే మొత్తం తీసేసి కొత్తగా దించుకుంటారు అని వాళ్ల మాట. తీసేస్తే ఆడినవాళ్ల ప్రయాణాలూ, రంగులేసుకున్న బస్సులూ అన్నీ పోతాయి. పోయాక మళ్లీ ఎవరు దించుకుంటారు? యజమాని నా వైపు చూశాడు.

“అక్కా, ముక్కల పద్ధతైతే పెద్దగైతది అని మీరే అంటిరి?”

“అన్న సారూ. అప్పుడు కొనేటోళ్ల దిక్కు నిలబడి ఆడిన. ఇప్పుడు అమ్మేటోళ్ల దిక్కు.”

ఆయన నవ్వి మళ్లీ ఫోను వైపు తిరిగాడు. చివరికి హైదరాబాదు వాళ్లు ఒప్పుకున్నారు. నాగర్‌కర్నూల్ సంత రోజున వదలండి. సాయంత్రానికి ఘాటు రోడ్డు ఎక్కిన పాత ఫోన్లు మా తెర మీద కనబడాలి. లేకపోతే ఇక మాటలు లేవు.

ఇంకో చిక్కు మిగిలింది. ముక్కల పద్ధతిలో ఫోను తన డబ్బాలన్నీ చూసుకుని, మన గుర్తులకు సరిపోనివన్నీ మార్చేస్తుంది. అంటే దుకాణాల వాళ్ల గొంతులు కూడా కొట్టుకుపోతాయి. కొట్టుకుపోతే రేపటి నుంచి మా ఆట ఎవరు ఎక్కిస్తారు? ఆ బేరానికి నేనే నాగర్‌కర్నూల్ దుకాణానికి పోయి ఇలా చెప్పాను. ప్రతి బస్‌స్టాండుకూ ఒక గొంతు వేరే సంచిలో పెడతాం, దాన్ని మేం ముట్టుకోం. బదులుగా అప్‌డేట్‌ను నీ కంప్యూటర్‌లోకి ఒకసారి దించుకో, నీ దగ్గరికి వచ్చిన ఫోన్లకు నీ వైఫై నుంచే కావలసిన ముక్కలు ఇవ్వు. ఎవరి డేటా ఖర్చు కాదు.

“అన్ని బస్టాండ్లల్ల నా గొంతే పెట్టుండ్రి మేడం.”

“నీ బస్టాండుల నీదే. వనపర్తిది వనపర్తాయనది.”

“గట్లయితే ప్రతి ట్రిప్పుకు నాలుగుసార్లు.”

“ఒక్కసారి. పక్క దుకాణపోన్ని తిట్టొద్దు.”

“జర తిడుతనే?”

“జర కూడ వద్దు.”

పొగమంచు తీయకూడదని కూడా ఒప్పించాను. అది నా కోసం కాదు.

సంత రోజు దుకాణం ముందు మేకలు, మిరపకాయల గోనెలు, గొడుగుల కింద గాజులు. అమ్మాయి కౌంటర్ లోపల స్టూలు మీద కూర్చుంది. ముందుగా ఫోను ఇచ్చింది మన్ననూరు దాటాక లోపల ఉన్న గూడెం నుంచి వచ్చిన ఒకామె. అడవిలో వేసవికి మంటలు పాకకుండా గడ్డి చెక్కే పనికి పోతుందట. ఫోను అద్దం సాలెగూడులా పగిలి ఉంది, లోపల జాగా లేదు. బస్సుకు నెమలి రంగు వేసుకుంది.

“నా బస్సుకు ఏం కాదు గదా?” అంది.

“ఏం కాదు అక్కా” అంది అమ్మాయి. అంటూనే ఆ ఫోనును దుకాణం వైఫైకి కలిపింది.

గీత కదిలింది. పావు నిండింది. సగం నిండింది. కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది, కంప్యూటర్ నల్లబడింది. “పాయె!” అన్నాడు దుకాణం అబ్బాయి. ఫోనులో ఆట సగం పాతది, సగం కొత్తది అయి నిలబడిపోయింది. తెరిస్తే తెరుచుకోవడం లేదు. నెమలి బస్సు ఆమె తన ఫోను లాక్కుని చూసుకుంది.

“పోయిందా నా ఆట?”

అదే సమయానికి యజమాని నుంచి ఫోన్. “అక్కా, ఒక్క ఫోను గూడ కనబడుతలేదు. హైదరాబాదోళ్లు లైన్ల ఉన్నరు.”

నాకు జీవితంలో బేరం తోచని ఘడియ అది. కరెంటుతో ఎలా ఆడాలి? “సంతల ఉన్నం సారూ, జర ఆగమను” అని పెట్టేశాను. అమ్మాయి మాత్రం నెమ్మదిగా ఆమెతో అంది, “పోలేదు అక్కా. కరెంటు రానీ. నీ ఫోను మళ్లీ ఒకసారి అన్నీ చూసుకుంటది. వచ్చినవి వచ్చినట్టే ఉంటయి, రానియి మాత్రమే అడుగుతది.” చెబుతూ చెబుతూ తను కూడా నమ్మింది. నేను నెమలి బస్సు ఆమెకు మజ్జిగ అమ్మే అవ్వ దగ్గర ఒక గ్లాసు ఇప్పించాను. బేరమాడలేదు. అవ్వ అనుమానంగా చూసింది.

కరెంటు వచ్చింది. కంప్యూటర్ మొరాయించి లేచింది. గీత మొదటి నుంచి మొదలవుతుందేమోనని నేను కళ్లు మూసుకున్నాను. “అక్కా, చూడుర్రి” అన్న గొంతు విని తెరిస్తే, గీత సగం నుంచే కదులుతోంది. నిండింది. నెమలి బస్సు స్టార్టయింది. మైకులో “ప్రయాణికులకు విజ్ఞప్తి, మీ ఫోను పగిలిందా?” అని వినిపించగానే ఆమె తన పగిలిన అద్దం వైపు చూసి పకాలున నవ్వింది. “అవు, పగిలింది. అయితే ఏంది?”

బస్సు ఘాటు ఎక్కింది. చెట్లు, మలుపులు, రాత్రిపూట మూసే అటవీ గేటు. ఆమె చుట్టూ జనం మూగారు, “నాకు, నాకు” అంటూ ఫోన్లు చాచారు. ఆఫీసు తెర మీద ఒక్కొక్క ఫోనూ వెలుగుతోందని యజమాని అరిచిన అరుపు నా ఫోను దాటి సంతలోకి వినిపించింది. అమ్మాయి స్టూలు మీద నుంచి లేవలేదు. కళ్లు మాత్రం తుడుచుకుంది. దుమ్ము అంది. ఉండవచ్చు, సంతలో దుమ్ము ఉంటుంది.

నెమలి బస్సు ఆమె మాత్రం మొహం ముడుచుకుని వచ్చింది. “మా గూడెం కాడ బస్సు ఆగలే.”

“వచ్చేసారి పెడతా అక్కా” అంది అమ్మాయి.

“అందరు గట్లనే అంటరు. ఓట్ల ముందర గూడ అంటరు.”

ఆఫీసు ఎక్కడికీ పోలేదు. ఇప్పటికీ ఆ ఎరువుల దుకాణం మీదే ఉంది. నా చివరి పనిదినాన ఒక చిన్న అప్‌డేట్ వదిలాం. అడవి దారిలో గూడెం దగ్గర ఒక స్టాపు. కూర్చోవడానికి ఒక రాయి, ఒక బోర్డు, అంతే. బరువు చూసి నా లోపలి దుకాణదారు ఊరుకోలేదు.

“ఒక రాయి, ఒక బోర్డు. దీనికి గింత బరువేంది?” అన్నాను.

“ముక్కల పద్ధతి గదా అక్కా, గట్లనే ఉంటది” అంది అమ్మాయి, మొహం లాప్‌టాప్ నుంచి ఎత్తకుండా. సరుకు వైపు చూడకుండా మాట్లాడే విద్య నా దగ్గరే నేర్చుకుంది. అనుమానం వచ్చింది కానీ దండలు, లడ్డూల గోలలో వదిలేశాను.

ఇంటికొచ్చాక ఆట తెరిచాను. గీత గబగబా నిండింది. నాగర్‌కర్నూల్‌లో ఆ తమ్ముడి గొంతు విన్నాను, పక్క దుకాణాన్ని తిట్టలేదు. ఘాటు ఎక్కాను, పొగమంచులోంచి దిగాను. గూడెం దగ్గర రాయి మీద కూర్చున్న ఒక ఆడమనిషి లేచి చెయ్యెత్తింది. ఆపాను. ఆమె ఎక్కింది. కండక్టరు టికెట్ ధర చెప్పాడు.

ఆమె గొంతు వినిపించింది. ఆఫీసులో ఎప్పుడు పట్టుకున్నారో తెలియదు, అది నా గొంతు.

“గింతనా? ఇంక జర తగ్గుతది, చూడు.”